బుడ్డోడికి మేనమామ కావలెను

మదనపల్లె,
11-2-1979

పుంగనూరులో ఉండే మా బయ్యమ్మత్తకు, మేనకోడలు రెడ్డెమ్మ కాళ్ళకు మొక్కి రాసేది.

మేమంతా బాగున్నాము. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వు పంపిన చింతపండు అందింది. సగం మా తోటికోడలే వాడేసింది, అది వేరే సంగతి.

అత్తా, బుడ్డోడికి మూడో ఏడు వచ్చింది. మే పదమూడో తేదీ ఆదివారం బోయకొండలో పుట్టెంట్రుకలు తీయించి, అక్కడే చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టారు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి కదా. నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. నిన్న అన్నాల దగ్గర మా అత్త చెంగమ్మగారు, "దానికేముండాది, మా పెద్దకోడలి తమ్ముడు లేడా? ఆయప్పకు జీపు గూడా ఉండాది. ఆయప్ప ఒళ్ళో కూకోబెడితే సరిపోయె" అన్నది. మంచి మనసుతోనే అన్నది. కానీ మా తోటికోడలు వెంటనే నా కంచంలో ఇంకో గరిటె చారు పోసింది. అడగకుండా పోసింది. జాలికి పోసిన చారు గొంతు దిగదు అత్తా.

నాకు అమ్మా నాయినా లేరు, సరే. నా బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి నా పుట్టింటి మనిషి ఒక్కడైనా లేకపోతాడా? వరసలు కలపడంలో నిన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఎక్కడినుంచైనా సరే, నాకు అన్నో తమ్ముడో అయ్యేవాణ్ణి ఒకణ్ణి వెతికిపెట్టు. జీపు లేకపోయినా పరవాలేదు.

నీ కోడలు
రెడ్డెమ్మ

పుంగనూరు,
20-2-1979

రెడ్డెమ్మకు మీ అత్త బయ్యమ్మ చెప్పి రాయించేది. రాసేది పక్కింటి టైలరు ఇస్మాయిల్. నా మోకాలు నాకంటే ముందే ముసిల్దైపోయింది, దాని మాట వదిలెయ్యి.

నీ ఉత్తరం సదివించుకోని రెండు దినాలు కూకోని లెక్కలేసినాను. గంగవరంలో వెంకటప్ప ఉండాడు, బంగారం మాదిరి మనిషి. అయితే వాళ్ళక్కను మా చిన్నాయన రెండో పెండ్లి చేసుకున్నాడు. ఆ దావ పట్టుకోని పోతే వాడు నీకు తాత అయితాడు. వయసు ముప్పై రెండు, తల్లో ఒక్క ఎంటిక నెరవలేదు, అయినా తాతే. నిమ్మనపల్లెలో ఇంకొకడు ఉండాడు, మీసాలు ఇంత పొడుగు. వాడు నీకు కొడుకు వరస. పొరపాటున ఎదురుపడితే "అమ్మా" అని నీ కాళ్ళు పట్టుకుంటాడు, జాగ్రత్త.

ఇంక మిగిలింది ఒక్కడే. కుప్పం ముద్దుకృష్ణ. పేరు సదవంగానే ఉత్తరం మడిసి పెట్టొద్దు, పూర్తిగా విను.

వాళ్ళమ్మ నిమ్మనపల్లె దిక్కు నుంచి మీ నాయినకు చెల్లెలి వరస. ఆ దావన పోతే వాడు నీకు బావ. అదే చౌడేపల్లె దావన పోతే, మీ అవ్వా వాళ్ళవ్వా ఆ ఊరి అన్నదమ్ముల బిడ్డలు. అప్పుడు మీ అమ్మా వాళ్ళమ్మా అక్కాచెల్లెండ్లు, వాడు నీకు అన్న. మనిషి ఒకడే, దావలు రెండు. ఎనిమిదేండ్ల కిందట వాళ్ళు నిన్ను అడిగేదానికి తాంబూలం పట్టుకోని వచ్చినప్పుడు, చౌడేపల్లె దావన లెక్కేసి "అన్న అయితాడు, కుదరదు" అని నడింట్లో చెప్పింది నేనే గదా. ఆకుల్లో వడ్డించిన అన్నం అట్లే వదిలేసి లేసి పాయిరి.

ఇప్పుడు ఇస్మాయిల్ రాసేది ఆపి, "ఒకే మనిషి రెండు వరసలు ఎట్ల అయితాడమ్మా?" అని అడగతాండాడు. అయితాడప్పా. మరీ లోతుకు తవ్వితే మొగుడూ పెండ్లామే అన్నాచెల్లెండ్లు అయి కూకుంటారు. యాడ ఆపాలో తెలిసినోళ్ళే వరసలు చెప్పాల. ఇస్మాయిల్ వాళ్ళల్లో అయితే చిన్నమ్మ బిడ్డను గూడా చేసుకుంటారంట, ఈ తలనొప్పే లేదంట. వాని అదృష్టం.

నేను చెప్పేది ఏమంటే, ఆ పొద్దు అన్న అని తాంబూలం తిప్పి పంపించినాం. అన్న అయినాక ఒడి ఇయ్యాల్సింది గూడా వాడే. న్యాయం అంటే అదే. నువ్వే వానికి రాయి.

మీ అత్త బయ్యమ్మ, వేలిముద్ర

మదనపల్లె,
3-3-1979

అత్తకు రెడ్డెమ్మ నమస్కారాలు.

నీ న్యాయం బాగానే ఉంది కానీ, ఆ మనిషి ఒప్పుకోవాలి కదా. ఆ రోజు గడప దిగుతూ "నేను ఈ ఇంటికి బావనూ కాను, అన్ననూ కాను" అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. నా పెండ్లికి రాలేదు. మా నాయిన పోయినరోజు మాత్రం వచ్చాడు. వీధిలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, అందరూ వెళ్ళాక వెళ్ళిపోయాడు.

అయినా నువ్వు చెప్పావని రాశాను. రెండు ఇన్‌ల్యాండ్లు చించేసి, మూడోది ఆయన పనిచేసే కుప్పం పశువుల ఆసుపత్రి అడ్రసుకు పోస్టు చేశాను. పైన ఏమని పిలవాలో తెలియలేదు. బావ అని రాస్తే నా మొగుడు ఊరుకోడు, అన్న అని రాస్తే ఆయన ఊరుకోడు. చివరికి "ముద్దుకృష్ణకు" అని ఊరికే పేరు రాసేశాను, కోర్టు నోటీసు మాదిరి.

ఇక్కడ మా తోటికోడలి తమ్ముడు అప్పుడే పట్టుపంచె కొనేశాడు. నిన్న జీపులో వచ్చి బుడ్డోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "ఇట్లేనా, ఇట్లేనా?" అని అందరికీ చూపించి వెళ్ళాడు. బుడ్డోడు హారన్ కొట్టనిచ్చాడని వాడినే మామా అని పిలుస్తున్నాడు. కన్నబిడ్డే అమ్ముడుపోతే ఎవరితో చెప్పుకోను?

రెడ్డెమ్మ

పుంగనూరు,
14-3-1979

రెడ్డెమ్మకు బయ్యమ్మ రాయించేది.

ఇస్మాయిల్‌కు పెండ్లిండ్ల కాలం, మిషన్ మీదనుంచి లేసేదానికి తీరిక లేదంట. ఈ ఉత్తరం రాసేది వేరే ఆయప్ప. ఊరికి కొత్తగా ట్రాన్స్‌ఫర్ అయి వచ్చి, నా పక్క గదిలో దిగినాడు. రెండు పూటలా నా చేతి ముద్దే తింటాండాడు. తిన్నందుకు రాసిపెట్టప్పా అంటే రాస్తాండాడు.

కుప్పం నుంచి జవాబు వచ్చిందా? రాకపోతే దిగులు పడొద్దు. ఆ ముద్దుకృష్ణ పుట్టింది మొదలు మొండి గాడిద. (మొండి గాడిద అనేది ఆమె మాట. రాయమన్నారు కాబట్టి రాశాను. - రాసినవాడు) చిన్నప్పుడు ఎండకాలం సెలవలకు నా ఇంటికి వస్తే, గోరుచిక్కుడు కూర పెట్టినానని మూడు దినాలు నాతో మాట్లాడలేదు. (ఒక దినమే అయివుండవచ్చును. - రాసినవాడు) కూరకే మూడు దినాలు అలిగినోడు తాంబూలానికి ఎనిమిదేండ్లు అలగడా? లెక్క సరిగ్గానే ఉండాది.

అయితే వాని మనసు మంచిది. అది గూడా రాయప్పా అంటే రాసేదానికి సిగ్గుపడతాండాడు ఈయప్ప. వాని మనసు మంచిదయితే నీకెందుకప్పా సిగ్గు, రాయి.

బుడ్డోన్ని హారన్ దగ్గరికి పోనియ్యొద్దు.

మీ అత్త

మదనపల్లె,
28-3-1979

అత్తకు రెడ్డెమ్మ రాసేది.

ముందుగా, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న అన్నకు నమస్కారం. మీ చేతిరాత చాలా కుదురుగా ఉంది అన్నా. ఇస్మాయిల్ మామ రాస్తే సగం అక్షరాలు కుట్లు విడిపోయినట్టు ఉంటాయి. మా అత్తను కాస్త చూసుకోండి. ఉప్పు ఎక్కువేస్తుంది, వద్దని మొగం మీద చెప్పండి, ఏమీ అనుకోదు. గోరుచిక్కుడు విషయంలో మాత్రం మీరు మధ్యలో రావద్దు అన్నా, ఆ మనిషి సంగతి మీకు తెలియదు.

అత్తా, నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. విప్పనైనా విప్పలేదు. పైన ఎర్ర సిరాతో "ఇక్కడ లేరు" అని రాసి ఉంది. లేకపోవడమేమిటి? ఇరవై ఏళ్ళుగా కుప్పంలో ఉన్న మనిషి ఒక్కసారిగా ఎక్కడికి పోతాడు? పోస్ట్‌మన్‌తో చెప్పి రాయించి ఉంటాడు. ఇష్టం లేకపోతే చించేసి ఉంటే నాకు తెలిసేది కాదు కదా. తిప్పి పంపడం ఎందుకు? వాళ్ళ తాంబూలం మనం తిప్పి పంపినందుకు బదులా?

ఆ ఉత్తరం చెంగమ్మత్త చేతికే వచ్చింది. మా తోటికోడలు మళ్ళీ చారు పోసింది.

నా వల్ల కాదు అత్తా. జీపాయననే కూర్చోనివ్వు.

రెడ్డెమ్మ

పుంగనూరు,
6-4-1979

రెడ్డెమ్మకు బయ్యమ్మ రాయించేది.

ఒక ఉత్తరం తిరిగొచ్చిందని చెవులు కుట్టేదాన్ని జీపుకు రాసిచ్చేస్తావా? నీకు మీ నాయిన తొందరే వచ్చింది. (ఆ ఉత్తరం ఆయన కంటబడి ఉండకపోవచ్చును. ఈ రోజుల్లో ట్రాన్స్‌ఫర్లు ఎక్కువ. - రాసినవాడు)

నీ ఉత్తరం సదివేటప్పుడు ఈయప్ప నీ "నమస్కారం అన్నా" దగ్గర ఆగినాడు. ఏమప్పా, అక్షరం తెలీలేదా అంటే, కంట్లో నలుసు పడింది అన్నాడు. మర్యాదగా పిలిచేవాళ్ళు లేరేమో పాపం. ఈసారి గూడా అట్లే పిలువు, నీ సొమ్మేం పోదు. ఉప్పు సంగతి మాత్రం మొగం మీదే చెప్పినాడు. నేను చాలా అనుకున్నాను.

ఇంకో మాట. నాకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. ఆ తాంబూలం పొద్దు వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకోని నువ్వు నాతో ఏందో చెప్పినావే, ఏమది? సరిగ్గా గెవనం రాలేదు. నువ్వు చెప్పినాకనే గదా నేను నడింట్లోకి పోయి చౌడేపల్లె దావ ఎత్తుకున్నది. ఆ మాట అట్లే, ఒక్క ముక్క దాచకుండా రాసి పంపు. (ఈ విషయం రాయనక్కరలేదు. ఆమె బలవంతం మీద రాశాను. - రాసినవాడు)

మీ అత్త

మదనపల్లె,
17-4-1979

అత్తకు రెడ్డెమ్మ రాసేది.

చదివిపెట్టే అన్నకు మళ్ళీ నమస్కారం. అన్నా, ఈ ఉత్తరం కొంచెం ఇంటి విషయం. మీరు అత్తకు చదివి వినిపించి, వెంటనే మరిచిపోవాలి. మా సొంత అన్న అయితే ఎలా కడుపులో పెట్టుకుంటాడో అలా పెట్టుకోండి.

అత్తా, నీకు మతిమరుపేమిటి? ముప్పై ఏళ్ళ కిందట ఎవరింట్లో ఏ దూడ పుట్టిందో చెప్తావు. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు వంటింట్లో నీతో చెప్పింది ఇదే. "అత్తా, వాళ్ళు బావ అంటాండారు గానీ, ఆయప్పను సూస్తే నాకు అన్న మాదిరే ఉండాది. నన్ను కాపాడు." సెలవలకు నీ ఇంటికి వచ్చినప్పుడల్లా వంకలో నీళ్ళు దాటాలంటే నన్ను భుజాల మీద ఎక్కించుకొనేది ఆయనే. నాకు ఏడేళ్ళప్పుడు కాల్లో తుమ్మముల్లు విరిగింది గుర్తుందా? పిన్నీసుతో ముల్లు తీస్తుంటే నొప్పికి ఆయన కుడిచెయ్యి కొరికేశాను. నెత్తురొచ్చింది. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. "కొరుక్కో, ముల్లు వచ్చేదాకా కొరుక్కో" అన్నాడు. అలాంటి మనిషి పక్కన పెండ్లిపీటల మీద ఎలా కూర్చోను? తోడబుట్టినవాళ్ళు లేని నాకు అన్న అంటే ఎలా ఉంటాడో ఆయన వల్లే తెలిసింది.

తప్పంతా నాది. ఆ మాట నీతో చెప్పకుండా ఆయనతోనే చెప్పి ఉండాల్సింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ధైర్యం రాలేదు. వరసల చాటున దాక్కున్నాను. అవమానం ఆయనకు మిగిలింది. ఎనిమిదేళ్ళుగా ఆ వడ్డించిన ఆకులు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

ఇప్పుడు అవసరానికి అన్నా అంటే ఎవరు వస్తారు? రాకపోయినా నాకు కోపం లేదు. ఎప్పుడైనా కనిపిస్తే, ఆ పిల్ల అప్పుడూ అన్న అనే అనుకున్నదని మాత్రం చెప్పు. చాలు.

రెడ్డెమ్మ

పుంగనూరు,
24-4-1979

చెల్లెలు రెడ్డెమ్మకు,

బయ్యమ్మ పెద్దమ్మ సంతకు పోయింది. ఈసారి ఎవరూ చెప్పకుండా నేనే రాస్తున్నాను. చేతిరాత చూసి ఎవరో కొత్తవాడని అనుకున్నావు. ఎనిమిదేళ్ళలో ఒక్క ఉత్తరం రాసి ఉంటే నీకు తెలిసేది. తప్పు నాదే.

నాకు ఫిబ్రవరి ఆఖరులో పుంగనూరు పశువుల ఆసుపత్రికి ట్రాన్స్‌ఫర్ అయింది. మంగమ్మా పిల్లలూ బడి సెలవలు ఇచ్చేదాకా కుప్పంలోనే ఉంటారు. నీ ఉత్తరం ఆసుపత్రి అడ్రసుకు పోయింది కాబట్టి వాళ్ళు "ఇక్కడ లేరు" అని తిప్పి పంపారు. నేను చూడనే లేదు. గది దొరక్క పెద్దమ్మ ఇంటికి వస్తే ఆమె ఒక్క మాట అడగలేదు. ముద్ద వడ్డించి, కలం చేతికిచ్చి, "రాయప్పా" అన్నది. నేనని చెప్పొద్దు అని నేనే అడిగాను. "నేనెందుకు చెప్తాను, నువ్వే చెప్తావులే" అన్నది.

మొండి గాడిద అని నా చేత్తోనే నాలుగుసార్లు రాయమన్నది. ఉత్తరంలో ఒక్కసారే రాశాను.

నీ ఉత్తరం గట్టిగా చదువుతూ, ముల్లు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ చెంబు కోసం లేచాను. "తర్వాతప్పా?" అన్నది పెద్దమ్మ. ఆమెకు అంతా తెలుసు. నన్ను చదివేలా చేయడానికే నీతో రాయించింది.

రెడ్డెమ్మా, నా కోపం పెండ్లి తప్పిపోయినందుకు కాదు. నువ్వు నన్ను పిలిచి "వద్దన్నా" అని ఉంటే మా నాయినను నేనే చెయ్యి పట్టుకొని బయటికి తీసుకుపోయేవాణ్ణి. భుజాల మీద ఎక్కించుకున్న పిల్ల నాకు ఒక మాట చెప్పడానికి భయపడిందా అని నొచ్చుకున్నాను. ఆ నొప్పిని ఇన్నేళ్ళు మోశాను. ఇప్పుడు చూస్తే నువ్వు కూడా మోస్తూనే ఉన్నావు. ఇద్దరమూ కలిసి దించేద్దాం. నిజం చెప్పాలంటే, ఆ రోజు నువ్వు ఒప్పుకొని ఉంటే నాకు మంగమ్మ దొరికేది కాదు. ఆమెను ఒక్కసారి చూస్తే నీకు దండం పెట్టాల్సింది నేనే అని తెలుస్తుంది.

నేను ఈ ఇంటికి అన్నను కాను అన్నాను. ఎవరో తెలియకుండానే నువ్వు నన్ను అన్నా అన్నా అని పిలుస్తూ వచ్చావు. మొదటిసారి వద్దనుకున్నాను. రెండోసారికి ఉత్తరం ఎప్పుడు వస్తుందా అని పోస్ట్‌మన్ కోసం చూశాను.

మే పదమూడున చౌడేపల్లె దావనే బోయకొండకు వస్తాను. బుడ్డోడి చెవులకు కమ్మలు, నీకు చీర, మీ ఆయనకు పంచె మంగమ్మ తీసుకొస్తుంది. ఒడి నేను తెస్తాను. జీపాయన పట్టుపంచెకు నేను బాధ్యుణ్ణి కాను.

కుడిచేతి మీద నీ పళ్ళ మచ్చ ఇంకా ఉంది.

మీ అన్న
ముద్దుకృష్ణ

మదనపల్లె,
30-4-1979

అన్నకు,

ఇలా పైన రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

నీ ఉత్తరం నడింట్లో నిలబడి చెంగమ్మత్తకు పెద్దగా చదివి వినిపించాను. కొన్నిచోట్ల ఏడ్చాను కూడా. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొని, "నీకు అన్న ఉంటే ఆ మాట ముందే చెప్పకూడదా, యాల దాచిపెట్టినావు?" అని నన్నే తిట్టింది. మా తోటికోడలు చారు గిన్నె పట్టుకొని వచ్చింది. చాలక్కా, కడుపు నిండిపోయింది అన్నాను.

జీపాయన పట్టుపంచె కట్టుకొనే అందరినీ కొండకు తీసుకొస్తాడట. పెద్దమ్మను, సారీ, మా అత్తను జాగ్రత్తగా బస్సెక్కించు. చారు కావాలంటే ఇప్పుడు నేను పోస్తాను, అడగకుండానే.

నీ చెల్లెలు
రెడ్డెమ్మ

పుంగనూరు,
19-5-1979

రెడ్డెమ్మకు బయ్యమ్మ రాయించేది. రాసేది మళ్ళీ ఇస్మాయిలే. ఎందుకో నీకు తెలుసు గదా, అయినా చెప్తాను.

నేను క్షేమంగా చేరినాను. కొండ మెట్లు ఎక్కినందుకు మోకాలు నన్ను తిడతాండాది, తిట్టనీ. మంగమ్మ బాగుండాది. నీకు వదినెగా సరిపోయింది. మీరిద్దరూ చెట్టు కింద కూకోని వాని మీద చాడీలు చెప్పుకుంటాంటే నాకు కడుపు చల్లగా అయింది.

మొదటి చెవి కుట్టినప్పుడు బుడ్డోడు కిక్కురుమనలేదు. రెండో చెవికి కంసాలి ఆచారి సూది ఎత్తంగానే మామ చెయ్యి పట్టుకోని ఒక్క కొరుకు కొరికినాడు, నువ్వు గూడా సూసినావు గదా. "కొరుక్కోరా, కమ్మ ఎక్కేదాకా కొరుక్కో" అని వాడు అనంగానే నువ్వు మొగం అవతలికి తిప్పుకున్నావు, అది నేను సూసినాను. అదే చెయ్యి, అదే తావు. తల్లి పళ్ళ మచ్చ మీదనే బిడ్డ పళ్ళు పడినాయి. ఇంక ఏ దావన లెక్కేసినా వాడు నీకు అన్నే. నేను గూడా మార్చలేను.

చెయ్యి వాచింది, కలం పట్టలేడు. అందుకే ఇస్మాయిల్‌ను పిలిచినాను. నిజానికి వాపు మొన్ననే తగ్గిపోయింది. కట్టు విప్పరా అంటే వినడు. ఆసుపత్రికి గొడ్లను తోలుకోని వచ్చేవాళ్ళంతా "ఏమప్పా కాంపౌండరూ, ఎద్దు పొడిచిందా?" అని అడగతాండారంట. అడిగినోళ్ళందరికీ చెయ్యి ఎత్తి సూపించి, "ఎద్దు కాదప్పా, నా మేనల్లుడు కొరికినాడు" అని చెప్పుకుంటా తిరగతాండాడు.

మీ అత్త బయ్యమ్మ, వేలిముద్ర